గిరి రోడ్డులో గిరి ఎవరు?

పోయిన నెల ఈ శీర్షికలో ఏదో మాట వరసకి మాజీ రాష్ట్రపతి వి.వి.గిరి పేరు రాశాను. ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం ఆయన మీదే. ఆవకాయ బూజు, పిల్లల చదువు, కరెంటు బిల్లు ప్రశ్నలు పంపినవాళ్లు ఒక్క నెల ఓపిక పట్టాలి.

ప్రశ్న: మా ఇంటికి గిరి రోడ్డు రెండు వీధుల అవతల. ఒడియా బడిలో ఆరో తరగతి చదువుతున్న మా మనవడు "అమ్మమ్మా, గిరి అంటే కొండ కదా, మరి ఇక్కడ కొండేదీ?" అన్నాడు. ఏం చెప్పను? – ఓ అమ్మమ్మ, బరంపురం

జవాబు: కొండ కాదు, మనిషి అని చెప్పండమ్మా. ఆ మనిషి పేరులో గిరి రెండుసార్లు ఉంది. ఇంటిపేరు వరాహగిరి, పెట్టిన పేరు వెంకట గిరి. 1894 ఆగస్టు 10న మన బరంపురంలోనే పుట్టారు. తండ్రి జోగయ్య పంతులు గారు వకీలు. తల్లి సుభద్రమ్మ గారి సంగతి పెద్దగా ఎవరూ చెప్పుకోరు గానీ శాసనోల్లంఘన రోజుల్లో ఆవిడ మద్యనిషేధం కోసం ఈ ఊళ్లోనే ముందు నిలబడి అరెస్టయ్యారు. వకీలు గారి ఇల్లాలు వీధిలోకి రావడమే వింతగా చూసే కాలం మరి! గిరి గారు ఇక్కడి ఖల్లికోట కాలేజీలో చదివి, 1913లో లా చదువుకి ఐర్లండు వెళ్లారు. మనవడు ఇంకా వింటానంటే ఆయనకి పద్నాలుగు మంది పిల్లలని కూడా చెప్పండి, అది మాత్రం మర్చిపోడు.

ప్రశ్న: ఐర్లండు ప్రభుత్వం ఆయన్ని తరిమేసిందని విన్నాను. నిజమేనా? అక్కడ ఏం చేశారు? – డిగ్రీ విద్యార్థి, గుణుపురం

జవాబు: నిజమే బాబూ, కాకపోతే అప్పుడక్కడ ఉన్నది ఐర్లండువాళ్ల ప్రభుత్వం కాదు, మన నెత్తి మీద ఉన్న తెల్లదొరలదే. డబ్లిన్‌లో ఈయన చదివిన యూనివర్సిటీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పిన థామస్ మెక్‌డొనా 1916 ఏప్రిల్‌లో ఆ తెల్లదొరల మీద ఐర్లండువాళ్లు లేపిన ఈస్టర్ తిరుగుబాటు నాయకుల్లో ఒకడు. మే నెల మొదట్లోనే ఆయన్ని కాల్చి చంపేశారు. నిన్నటిదాకా పాఠం చెప్పిన మాస్టారిని గోడకి నిలబెట్టి కాల్చేశారని తెలిస్తే ఇరవై ఒక్క ఏళ్ల కుర్రాడికి ఎలా ఉంటుందో నువ్వే ఊహించుకో. అప్పటికే దక్షిణాఫ్రికాలో భారతీయుల అవస్థల మీద కరపత్రం వేసిన గుంపులో ఈయన ఉన్నాడని పోలీసులు కన్నేసి ఉంచారు. తిరుగుబాటుదారులతో సంబంధం ఉందన్న అనుమానంతో జులై 1 లోగా దేశం వదలమన్నారు. తమాషా ఏమిటంటే జూన్ 21నే ఆయనకి బారిస్టరు పట్టా చేతికొచ్చింది. పట్టాకీ గెంటివేతకీ మధ్య పది రోజులు!

వచ్చాక మద్రాసు హైకోర్టులో పేరు నమోదు చేయించుకుని మన ఊళ్లోనే ప్రాక్టీసు పెట్టారు. 1920లో గాంధీగారు కోర్టులు వదలమంటే వదిలేశారు. గుర్తు పెట్టుకో, ఈయన జీవితంలో ఈ 'వదిలేయడం' మళ్లీ మళ్లీ వస్తుంది.

ప్రశ్న: ఆయన తెలుగువాడా, ఒడియావాడా? మా ఆఫీసులో రోజూ గొడవ. – ఛత్రపురం

జవాబు: తెలుగింట్లో పుట్టిన బరంపురం మనిషి. ఒడిశా రాష్ట్రం ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న, అప్పటికి ఆయనకి నలభై దాటాయి. ఆఫీసు వేళ అయ్యాక గొడవ పడండి.

ప్రశ్న: పాతపట్నం మా పర్లాకిమిడికి కూతవేటు దూరం. గిరి గారు అక్కడి నుంచి ఎంపీ అయ్యారని మా తాతగారు చెప్పేవారు. తర్వాత ఓడిపోయారట కదా? – పర్లాకిమిడి

జవాబు: తాతగారు చెప్పింది అక్షరాలా నిజం. గెలుపు దగ్గర మొదలుపెడతాను. 1937లో మద్రాసు శాసనసభకి పోటీ చేసి సాక్షాత్తూ బొబ్బిలి రాజాగారిని బొబ్బిలిలోనే ఓడించారు. రాజాగారంటే మామూలు జమీందారు కాదు, కాంగ్రెస్‌కి ఎదురు నిలిచిన జస్టిస్ పార్టీ నాయకుడు, అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపినాయన. రాజాజీ మంత్రివర్గంలో గిరి గారు కార్మిక మంత్రి అయ్యారు. 1939లో యుద్ధం వచ్చి కాంగ్రెస్ మంత్రులంతా రాజీనామా చేశాక జైలు, క్విట్ ఇండియాలో మళ్లీ జైలు. స్వాతంత్య్రం రాగానే సిలోన్‌కి, అంటే ఇప్పటి శ్రీలంకకి, మన మొదటి హైకమిషనర్.

1952లో పాతపట్నం నుంచి మొదటి లోక్‌సభకి వెళ్లారు, నెహ్రూ గారి దగ్గర కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాల మీద ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పుని ప్రభుత్వం కోసేసింది. అది తప్పని ఆగస్టులో కుర్చీ వదిలేశారు. చూశారా, రెండోసారి. 1939ని లెక్కలో వేయను, అది పార్టీ మాట.

ఇక 1957 ఓటమి. పార్వతీపురం అప్పట్లో ఇద్దరు సభ్యుల నియోజకవర్గం, ఒక సీటు షెడ్యూల్డు తెగలకి, రెండోది జనరల్. తెగల అభ్యర్థుల్లో ఎక్కువ ఓట్లు వచ్చినాయనకి రిజర్వుడు సీటు ఇచ్చేశారు. మిగిలినవాళ్లలో ముందున్నది కూడా తెగకే చెందిన డిప్పల సూరిదొర. గిరి గారి కంటే 565 ఓట్లు ఎక్కువ. జనరల్ సీటు కూడా ఆయనకే వెళ్లింది. రెండు సీట్లూ తెగల వాళ్లకెలా ఇస్తారని గిరి గారు సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. జనరల్ సీటంటే అందరిదీ, తెగలవాళ్లది కూడా అని 1959లో కోర్టు తేల్చేసింది. కూలీల పక్షాన బతుకంతా వాదించిన మనిషి ఈ కేసు వేయకుండా ఉండాల్సిందని నా అభిప్రాయం, మీరు కోప్పడినా సరే. ఓడినందుకు మాత్రం నష్టపోలేదు లెండి, యూపీ, కేరళ, మైసూరు వరసగా గవర్నరు గిరీ.

ప్రశ్న: ఇందిరాగాంధీ దయ వల్లే రాష్ట్రపతి అయ్యారంటారు. నేను బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను, మా యూనియన్లో ఆయన్ని దేవుడిలా చూసేవాళ్లు. – రాయగడ

జవాబు: మీవాళ్లు అలా చూడ్డానికి 1954 ఒక్కటే చాలు, కానీ ఇంకోటి కూడా ఉంది. 1969 మేలో జాకీర్ హుస్సేన్ గారు పోయాక ఉపరాష్ట్రపతిగా ఉన్న గిరి గారు తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. జులై 19న పద్నాలుగు బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు మీద సంతకం పెట్టి, మర్నాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా బరిలో దిగారు. మూడోసారి వదిలేయడం అన్నమాట, ఈసారి ఇంకా పెద్ద కుర్చీ కోసం.

కాంగ్రెస్ అభ్యర్థి నీలం సంజీవరెడ్డి. తెలుగువాడి మీద తెలుగువాడు! పైగా రెడ్డి గారి నామినేషన్ మీద సంతకం పెట్టిన ఇందిరమ్మే తర్వాత ఆత్మప్రబోధం ప్రకారం ఓటేయమంది. దయ అంటే దయే, కానీ గెలుపు అంత సులువుగా రాలేదు. మొదటి ప్రాధాన్యం ఓట్లలో గిరి గారికి 4,01,515, రెడ్డి గారికి 3,13,548. మెజారిటీకి చాలక రెండో ప్రాధాన్యం లెక్కపెడితే 4,20,077 దగ్గర గట్టెక్కారు. ఆ తర్వాత ఎన్నిక చెల్లదని కేసు పడితే, పదవిలో ఉండగానే సుప్రీంకోర్టుకి వెళ్లి సాక్ష్యం చెప్పారు. కేసు కొట్టేశారు.

ప్రశ్న: మా నాన్నగారు రైల్వేలో ఫిట్టరు. ఇంట్లో గిరి గారి ఫొటో ఉండేది. 1974 సమ్మెప్పుడు ఆయన రాష్ట్రపతి కదా, ఏం చేశారని అడిగితే నాన్న మాట మార్చేసేవారు. మీరైనా చెప్పండి. – ఇచ్ఛాపురం

జవాబు: మీ నాన్నగారు ఎందుకు మాట మార్చేవారో నాకు అర్థమైంది. మన లైను అప్పట్లో బెంగాల్ నాగపూర్ రైల్వేది, ఖరగ్‌పూర్‌లో పెద్ద వర్క్‌షాపు. ఆ రైల్వే కూలీల సంఘం కట్టి, ఉద్యోగాలు పోయిన వాళ్ల కోసం 1920లలో సమ్మె నడిపింది గిరి గారే. అఖిల భారత రైల్వే కార్మిక సమాఖ్య పెట్టినవాళ్లలో ఆయనొకరు, పదేళ్లకి పైగా ప్రధాన కార్యదర్శి. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి కార్మికుల తరఫున వెళ్లారు. మంత్రిగా ఉన్నప్పుడు కూడా, కోర్టుల చుట్టూ తిప్పకుండా యజమాని, కూలీ ఎదురెదురుగా కూర్చుని తేల్చుకోవాలనేదే ఆయన పట్టు.

1974 మే 8న ఆ సమాఖ్యే జార్జి ఫెర్నాండెజ్ నాయకత్వంలో దేశమంతా రైళ్లు ఆపింది. వేలమందిని జైళ్లలో వేశారు, మే 27న సమ్మె విరమించారు. రాష్ట్రపతి మంత్రివర్గం చెప్పినట్టే నడవాలి, ఆ మాట ఒప్పుకుంటాను. అయితే రాజీనామాకి ఎవరి సలహా అక్కర్లేదు, ఆ సంగతి ఆయన కంటే బాగా తెలిసినవాళ్లు దేశంలో లేరు. ఆయన మాత్రం ఆగస్టు 24న పదవీకాలం అయ్యేదాకా ఉన్నారు. మరుసటేడు భారతరత్న వచ్చింది, 1980 జూన్‌లో మద్రాసులో పోయారు.

ఆ ఫొటో ఇంకా మీ దగ్గరుంటే ఒక కాపీ పంపండి. వెనక నాన్నగారు ఏమైనా రాసి ఉంటే అది కూడా తీసి పంపండి.