అడ్వాన్స్‌లో ఎంత కోస్తారోనని బెంగా? ఖాళీ చేయడానికి నెల ముందే ఓనర్‌తో కలిసి ఇల్లు చూడండి

తణుకులో మూడేళ్ళుగా ఉంటున్న ఇల్లు వచ్చే నెల ఖాళీ చేస్తున్నామని, 24,000 అడ్వాన్స్‌లో పెయింట్ పేరు చెప్పి ఎంత పట్టుకుంటారోనని నిద్ర పట్టడం లేదని రాశారు. గోడలు అడుగున ఉబ్బి పెచ్చులు రాలుతున్నాయని, అది కూడా మీ మీదే వేస్తారేమోనని అడిగారు. ఆ టెన్షన్ నేనూ పడ్డానండి. భీమవరంలో మొదటి ఇంట్లో అడ్వాన్స్ పోగొట్టుకున్నాను, రెండో ఇంట్లో దాదాపు మొత్తం తెచ్చుకున్నాను.

మొదటిది కింద వాటా. అద్దె 6,000, అడ్వాన్స్ 18,000. నాలుగేళ్ళున్నాం. ఇల్లుగలవాళ్ళు మంచివాళ్ళే, సంక్రాంతికి అరిసెలు పంపేవారు. అందుకే డబ్బు మాట ఎత్తడానికి మొహమాటపడ్డాను. ఆషాఢం వచ్చేస్తోంది, ఈలోపే కొత్తింట్లో పాలు పొంగించాలని హడావుడిగా సామాను వ్యానెక్కించి, తాళం పక్కింటి పిన్నిగారి చేతిలో పెట్టి వచ్చేశాం. నాలుగు రోజులకు ఫోన్. "గోడలన్నీ పాడైపోయాయి కదమ్మా, పెయింటుకే పన్నెండు వేలంటున్నారు." నేలకు ఇంకో 1,500. చేతికొచ్చింది 4,500. గోడలు ముందునుంచీ అలాగే ఉన్నాయని చెప్పడానికి నా దగ్గర ఒక్క ఫొటో లేదు.

ఆ గోడ ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది. పడగ్గదిలో మంచం వెనక, మోకాలి ఎత్తున గీత గీసినట్టు చెమ్మ. దాని మీద తెల్లటి ఉప్పు పొంగేది. వేలితో తాకితే బియ్యప్పిండిలా రాలేది. పొద్దున తుడిస్తే రెండు రోజులకు మళ్ళీ అంతే. మనది నల్లమట్టి నేల, నీళ్ళు పైపైనే ఉంటాయి. పునాది మీద చెమ్మను ఆపే పొర సరిగా వేయకపోతే నీరు ఇటుకల్లోంచి పైకి పాకుతుంది, ఆరిపోయాక ఉప్పు మిగులుతుంది. దాని మీద ఎంత ఖరీదైన రంగు వేసినా ఊడిపోతుంది. ఇది అద్దెకున్నవాళ్ళ తప్పు ఎలా అవుతుందండీ?

మీ ఇంట్లో ఒకసారి జాగ్రత్తగా చూడండి. అన్ని గదుల్లోనూ నేల నుంచి ఇంచుమించు ఒకే ఎత్తు వరకు ఉంటే అది పునాది చెమ్మ. బాత్రూం గోడకో, కుళాయి పైపు దగ్గరో ఒక్కచోటే ఉంటే పైపు కారుతున్నట్టు. దాన్ని ఓనర్‌కి చెప్పకుండా నెలల తరబడి వదిలేసి ఉంటే మాత్రం మన మాట నిలబడదు. ఇవాళే చెప్పేయండి.

చట్టం కూడా కొంత మన వైపే ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం, 108వ సెక్షన్ ప్రకారం ఇల్లు దిగినప్పుడు ఎలా ఉందో అలా అప్పగించాలి, కానీ మామూలు వాడకంలో వచ్చే అరుగుదలను మినహాయించాలి. కేంద్రం 2021లో తెచ్చిన నమూనా అద్దె చట్టం గోడల వెల్ల, తలుపులు కిటికీల రంగు ఓనర్ వంతు అనీ, కుళాయిలు, స్విచ్‌ల రిపేర్లు అద్దెకున్నవాళ్ళ వంతు అనీ పంచింది. అది నమూనా మాత్రమే, రాష్ట్రాలు తమ చట్టంగా చేసుకుంటేనే అమలవుతుంది. అయినా మాట్లాడేటప్పుడు ఆసరాగా పనికొస్తుంది. ఒక్కటి గుర్తుంచుకోండి, మీ అగ్రిమెంట్‌లో "ఖాళీ చేసేటప్పుడు పెయింట్ ఖర్చు అద్దెదారుదే" అని రాసి సంతకం పెట్టి ఉంటే లెక్క మారిపోతుంది.

మొదటి ఇంట్లో నేలకని పట్టుకున్న 1,500 మాత్రం న్యాయమే. బోరు నీళ్ళ తుప్పు మరకలు పోవాలని వెళ్ళే ముందురోజు బాత్రూం యాసిడ్ తెచ్చి గుమ్మం బయట మొజాయిక్ మీద కూడా పోశాను. మరక పోయింది, దాంతోపాటు నునుపూ పోయి గచ్చు గరుకుగా తేలింది. మొజాయిక్, మార్బుల్ జోలికి యాసిడ్‌తో వెళ్ళకండి.

రెండో ఇల్లు పై వాటా, అడ్వాన్స్ 21,000. దిగిన రోజే గది గదీ వీడియో తీసి "బాబాయిగారూ, సింకు కింద చెక్క ముందే ఉబ్బి ఉందండి, మీకు తెలియాలని పంపుతున్నాను" అని వాట్సాప్‌లో పెట్టాను. ఖాళీ చేయడానికి నెల ముందు ఒక ఆదివారం ఆయన్ని టీకి పిలిచాను. ఎంత పట్టుకుంటారని అడగలేదు. "వెళ్ళేలోపు మేం ఏమేం బాగుచేయించాలో మీరే చూసి చెప్పండి" అన్నాను. ఈ ఒక్క మాటతో సంభాషణ తీరే మారిపోయింది. ఆయన ముందు నడుస్తుంటే నేను నోటుబుక్కులో రాసుకుంటూ వెళ్ళాను. పాప ఉయ్యాల కోసం హాల్లో స్లాబుకు కొట్టించిన కొక్కెం, పొయ్యి వెనక పోపు నూనె చిమ్మిన గోడ, పగిలిన ఒక స్విచ్ బోర్డు. అంతే. పడగ్గది రంగు వెలిసిపోయిందని భయపడుతూ నేనే చూపిస్తే, "అది ఎండకి వెలిసిందిలేమ్మా" అన్నారు.

మేస్త్రీకి 600, బోర్డుకి 250, వంటింటి గోడకి 1,200 అయ్యాయి. దగ్గరుండి చేయించుకున్నాం కాబట్టి అంతలో తేలిపోయింది. తాళం ఇచ్చే రోజు అదే నోటుబుక్కు తీసి ఒక్కొక్కటీ చూపించాను. కరెంటు మీటరు రీడింగ్ ఇద్దరం చూసి ఫొటో తీసుకున్నాం. వాడుకున్న కరెంటుకి బిల్లు తర్వాతే వస్తుంది కాబట్టి 800 ఉంచుకుని మిగతా 20,200 అక్కడికక్కడే ఫోన్‌పే చేశారు.

మీ దగ్గర దిగినప్పటి ఫొటోలు లేకపోయినా కంగారు పడకండి. గృహప్రవేశం, పుట్టినరోజుల ఫొటోల్లో వెనక గోడలు కనిపిస్తాయి, తేదీతో సహా ఫోన్లో ఉంటాయి. పెయింట్ అడిగితే చివరిసారి ఎప్పుడు వేయించారో మర్యాదగా అడగండి. మీరు దిగకముందు వేసిన రంగుకి ఇప్పుడు మొత్తం ఖర్చు మీ దగ్గర తీసుకోవడం సబబు కాదు. ఏ పనికి ఎంతో కాగితం మీద రాసిమ్మనండి. అప్పటికీ వినకపోతే కోర్టు ఆవరణలోని మండల న్యాయ సేవాధికార కమిటీలో అర్జీ ఇవ్వొచ్చు. కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పెట్టి ఇద్దరినీ కూర్చోబెడతారు, ఫీజు ఉండదు. మాకు అంతవరకు అవసరం పడలేదు.

ముందు అగ్రిమెంట్ తీసి పెయింట్ అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. ఉంటే ఆ వాక్యం ఉన్నదున్నట్టు ఇక్కడ పెట్టండి, ఓనర్‌తో ఎలా మాట్లాడాలో దాన్నిబట్టి చెబుతాను.