నార్మలైజ్ చేసినా ఒకరి గొంతు చిన్నగానే ఎందుకు వినిపిస్తోంది?

ఆడియో ఎడిట్ చేసే ఆడాసిటీ సాఫ్ట్‌వేర్‌లో నార్మలైజ్ (శబ్దం స్థాయిని సరిచేసే ఎఫెక్ట్) చూసేది ట్రాక్‌లోని అన్నిటికంటే ఎత్తైన శిఖరాన్నే, అంటే అన్నిటికంటే పైకి లేచిన శబ్దాన్నే. మధ్యలో ఒక్కసారి పకపకా నవ్వారనుకోండి, ఆ నవ్వు −1 డీబీ (డెసిబెల్) హద్దుని తాకగానే పెంచడం ఆగిపోతుంది. మాటలు పాపం అడుగునే ఉండిపోతాయి. దాని బదులు లౌడ్‌నెస్ నార్మలైజేషన్ వాడండి. అది చెవికి మొత్తమ్మీద ఎంత గట్టిగా వినిపిస్తోందో కొలుస్తుంది. స్టీరియో పాడ్‌కాస్ట్‌కి −16 ఎల్‌యూఎఫ్‌ఎస్ (ఆ గట్టిదనాన్ని కొలిచే యూనిట్) సరిపోతుంది.

అయితే అది చివర్న. ముందు ఎవరూ మాట్లాడని 2 సెకన్ల ముక్క సెలెక్ట్ చేసి, నాయిస్ ప్రొఫైల్ (వెనకాల వచ్చే హోరు నమూనా) తీసుకుని, ట్రాక్ మొత్తానికి నాయిస్ రిడక్షన్ (ఆ హోరు తగ్గించే ఎఫెక్ట్) ఇవ్వండి. తర్వాతే కంప్రెసర్ (గట్టి, చిన్న శబ్దాల మధ్య తేడా తగ్గించే ఎఫెక్ట్), రేషియో 3:1 చాలు. వరస తిరగేస్తే ఫ్యాన్ హోరు కూడా లేచి కూర్చుంటుంది. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) జోలికి మాత్రం పోకండి, బావిలోంచి మాట్లాడినట్టుంటుంది.