వెళ్లే ఖర్చు రాశారు, తిరిగొచ్చే ఖర్చు ఏది బ్రదర్?

ఒడిశాలోని గుణుపురం నుంచి ఒక బ్రదర్ రాశారు. వయసు 36, భార్య నర్సు, పాపకి ఏడేళ్లు, నాలుగేళ్ల మిషనరీ సేవకి ఆఫ్రికాలోని మలావీ వెళ్తున్నారట. ఎఫ్‌డీ 6 లక్షలు, సిస్టర్ గారి బంగారం 12 తులాలు, నెలకి 70,000 సపోర్టు ఇస్తామని మాట. "ఎఫ్‌డీ తీసేసి డాలర్లు చేసుకుందామా, బంగారం అమ్మేసి పీపీఎఫ్ పొదుపు ఆపేద్దామా, మిగతాది దేవుడు చూసుకుంటాడు కదా" అని అడుగుతూ సపోర్టు లిస్టు రాసుకున్న నోట్‌బుక్ పేజీ ఫోటో కూడా పెట్టారు.

వందనాలండి. ఆ పేజీ రెండు సార్లు చదివాను. 31 పేర్లున్నాయి. దోహాలో ఉన్న మీ సొంత తమ్ముడు 20,000, సంఘం 15,000, బరంపురం డాక్టరు గారు 10,000, మిగతా 28 మందీ కలిసి 25,000. అంటే మీ సంసారం మూడొంతుల్లో రెండొంతులు మూడు పేర్ల మీదే ఆనుకుని ఉంది, తమ్ముడి ఉద్యోగానికి ఏదైనా అయితే అక్కడ మీ ఇంటద్దె ఆగిపోద్ది. ఒక పేరు పక్కన "జీడి పిక్కలు అమ్మాక" అని రాసుంది, అది నాకు భలే నచ్చింది, పంటొస్తేనే ఇస్తానని ఆయనొక్కడే ఉన్నమాట చెప్పాడు, మిగతావాళ్లదీ అదే పరిస్థితి కానీ బయటికి అనలేదంతే. మొదటి ఏడాది అందరూ పంపిస్తారు, రెండో ఏడాది నుంచి వాళ్ల ఇళ్లల్లోనూ పెళ్లిళ్లు, ఆసుపత్రులు వస్తాయి, తప్పు పట్టలేం. మీరు 70,000ని 50,000 అనుకుని లెక్క వేసుకోండి.

అందుకే 6 లక్షలూ పట్టుకెళ్లొద్దు. 4 లక్షలు ఇక్కడే ఉంచండి, సేవ అవసరం వచ్చినా దాని మీద చెయ్యి వేయకూడదు. ముగ్గురికీ తిరుగు టికెట్లు, వచ్చాక ఇల్లు, పని కుదిరేదాకా ఆరు నెలల ఖర్చు, దానికే అది. మిగిలిన 2 లక్షలు డాలర్లు చేసుకోండి, ఒక ట్రిప్పుకి 3,000 డాలర్ల వరకు నోట్లు తీసుకెళ్లొచ్చు, మీది ఆ లోపే. దిగగానే మొత్తం అక్కడి క్వాచాల్లోకి మార్చేయకండి, 2023 నవంబర్‌లో వాళ్ల రిజర్వ్ బ్యాంకు క్వాచా విలువ తగ్గించి డాలరు ధరని ఒక్క దెబ్బకి 44 శాతం పెంచేసింది, అంతకు ముందు రోజు మార్చుకున్నవాళ్ల గతి ఆలోచించండి. పాప స్కూలు ఫీజు డాలర్లలోనా క్వాచాల్లోనా అని చేరే ముందే అడగండి. తిండికి భయం లేదు, వాళ్ల న్సీమా మొక్కజొన్న పిండితో చేసే సంకటి లాంటిదే, చోడి అంబలి తాగి పెరిగిన మనకి అలవాటైపోద్ది. దిగుమతి సరుకు కొనడం మొదలెడితేనే జేబు ఖాళీ.

ఇక బ్యాంకు. వెళ్లాక పాత సేవింగ్స్ అకౌంట్ అలాగే నడపకూడదు, ఎన్ఆర్ఓ (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడుండే రూపాయల ఖాతా) కింద మార్పించాలి. సపోర్టు అందులో పడుతుంది కానీ బంధువులు కానివాళ్లు ఇచ్చేది ఏడాదికి 50,000 దాటితే అదంతా మీ ఆదాయం కిందే లెక్క. తమ్ముడిది తీసేస్తే నెలకి 50,000, ఏడాదికి 6 లక్షలు. 12 లక్షల దాకా పన్ను లేదని అందరూ అంటారు, ఆ రిబేటు ఇండియాలో ఉండేవాళ్లకే, ఎన్నారైకి లేదు. కొత్త స్లాబుల్లో మొదటి 4 లక్షలు పోను మీకు సుమారు 10,400 పడుద్ది. పెద్ద మొత్తం కాదు కానీ తెలీక రిటర్ను వేయకపోతే నోటీసు మీ నాన్నగారి గుమ్మానికి వస్తుంది.

జర్మనీ సంఘం వాళ్లు మీ గుణుపురం అకౌంట్‌లోనే వేస్తామన్నారని చివర్లో ఒక లైను రాశారు, అసలు భయం నాకు అక్కడే. సేవ కోసం విదేశీ డబ్బు ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ లేని సొంత అకౌంట్‌లో పడితే మీకే చిక్కు. ఆ డబ్బు మలావీలో మిమ్మల్ని పిలిచిన సంస్థకి నేరుగా పంపమనండి. 1882లో జర్మనీలోని బ్రెక్లుం నుంచి మిషనరీలు మన వైపు వచ్చారు, ఇప్పుడు మనవాళ్లు బయటికెళ్తుంటే అక్కడివాళ్లు కానుక ఇస్తామంటున్నారు, సంతోషమే, దారి మాత్రం సరిగ్గా ఉండాలి.

పీపీఎఫ్ ఆపొద్దు, పాత అకౌంట్‌ని ఎన్నారైగా కూడా గడువు దాకా నడుపుకోవచ్చు, ఏడాదికి కనీసం 500 వేస్తే చాలు. టర్మ్ ఇన్సూరెన్స్ పాలసీ వెళ్లే ముందే తీసుకోండి, ఏ దేశం, ఏం పని అన్నది దాచకుండా రాయండి. నాన్నగారికి 71 అన్నారు, సుగర్ ఉంది కాబట్టి ప్రైవేటు పాలసీ ఖరీదే, 70 దాటినవాళ్లకి ఆదాయంతో పనిలేకుండా ఏడాదికి 5 లక్షల ఆయుష్మాన్ కార్డు వస్తుంది, ఒడిశాలో 2025 నుంచి నడుస్తోంది, ముందు అది చేయించండి. బంగారం జోలికి పోవద్దు, లాకర్లో పెట్టండి. సిస్టర్ గారి నర్సింగ్ రిజిస్ట్రేషన్ మాత్రం గడువు తీరకుండా చూసుకోండి, తిరిగొచ్చిన మొదటి నెల జీతం దానిమీదే వస్తుంది.

బ్యాంకుకి వెళ్లేటప్పుడు పాస్‌పోర్టు, మలావీ పర్మిట్ కాపీ, పాన్ పట్టుకెళ్లి, నాన్నగార్ని కూడా వెంటబెట్టుకుని ఎన్ఆర్ఓ మీద ఆయనకి మాండేట్, అంటే మీ బదులు అకౌంట్ నడిపే అనుమతి, ఇప్పించేయండి. కౌంటర్‌లో రేపు రమ్మంటారు, మేనేజర్ గది ముందు కూర్చోండి.