ఏడాది పొడుగునా చందా వసూలు చేయబోతున్న మా బిడ్డకు

బిడ్డా,

మడికొండలో మీ ఆఫీసువాళ్లు ఈ ఏడాది సేవా నిధి పని నీ చేతిలో పెట్టారని మీ అమ్మ చెప్పింది. ఫోన్‌లో చెబితే సగం నీ చెవిన పడదు, అందుకే రాస్తున్నా. ఉద్యోగమంతా అకౌంట్స్ సెక్షన్‌లోనే గడిపినవాణ్ని కాబట్టి పైసల సంగతితోనే మొదలుపెడతా.

మొదటి నెల అందరూ ఉత్సాహంగా ఇస్తారు. నాలుగైదు నెలలు పోయాక నువ్వు ఎదురొస్తుంటే ఫోన్ చెవిన పెట్టుకుని పక్కకు జరుగుతారు. వాళ్లు పిసినారులని కాదు. అడిగిన ప్రతిసారీ కొత్తగా ఆలోచించాల్సి రావడమే వాళ్ల ఇబ్బంది. నెలనెలా చిట్టీలు కట్టడం అలవాటైన ఊరు మనది, ఆ పద్ధతే పెట్టు. నెలకు 100 రూపాయలు జీతంలోంచి పోతే ఎవరికీ బరువనిపించదు. 80 మంది ఒప్పుకున్నా నెలకు 8,000, ఏడాదికి 96,000 అవుతుంది. ఒక్కరోజు హడావుడి చేసి డబ్బా తిప్పితే ఇంత రాదు.

అయితే ప్రతి ఒక్కరి దగ్గరా కాగితం మీద సంతకం ఉండాలి. ఎప్పుడు వద్దనుకుంటే అప్పుడు, కారణం చెప్పకుండా ఆపేసుకోవచ్చని ఆ కాగితంలోనే రాయండి. ఎవరు ఎంత ఇస్తున్నారో హెచ్‌ఆర్‌కు తప్ప ఎవరికీ తెలియొద్దు, మీ మేనేజర్‌కు అసలే తెలియొద్దు. నేను చూసిన ఒక ఆఫీసులో లిఫ్టు పక్కన పేర్లూ మొత్తాలూ అంటించారు. ఇంట్లో ఆస్పత్రి ఖర్చులతో సతమతమయ్యే ఒకాయన ఆ జాబితాకు భయపడి అప్పు తెచ్చి ఇచ్చాడు. అది దానం ఎట్లయితది చెప్పు? సెక్యూరిటీవాళ్ల దగ్గరికి, స్వీపింగ్ అమ్మల దగ్గరికి నువ్వుగా పోయి అడగకు. వాళ్లే వచ్చి ఇస్తే మాత్రం కాదనకు, చిన్నబుచ్చుకుంటారు.

నీ ఫోన్‌పేకి ఒక్క రూపాయి కూడా వేయించుకోవద్దు. నువ్వెంత నిజాయితీపరురాలివో నాకు తెలుసు, కానీ లెక్క అడిగేవాళ్లకు అది తెలియనక్కర్లేదు. జీతంలో కోసింది నేరుగా మీరు ఎంచుకున్న సేవా సంస్థ బ్యాంకు ఖాతాకే పోవాలి. ఆ సంస్థకు 80జి, అంటే చందా ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు దొరికే గుర్తింపు, ఉందో లేదో ముందే చూడు. చందా ఇచ్చిన మనిషి పేరు మీదే రసీదు రావాలి. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే దాని మినహాయింపు దొరుకుతుందని, 2,000 దాటిన నగదుకు దొరకదని మొదటి రోజే చెప్పేయ్. లేకపోతే మార్చి నెలలో నీ సీటు చుట్టూ మూగుతారు, ఆ టెన్షన్ నీకెందుకు?

మీ కంపెనీని కూడా సమానంగా వేయమని అడుగు. 2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సేవకు ఖర్చు పెట్టాల్సిందే. కానీ అది కంపెనీ సొమ్ములోంచి రావాలి. మీరిచ్చిన పైసలను ఆ లెక్కలో కలిపి చూపించే ఆలోచన ఎవరికైనా వస్తే గట్టిగా కాదను.

ఇక సంబరాల సంగతి. ఏడాదిలో రెండు చాలు. సంక్రాంతికి ముందు సకినాలు, బతుకమ్మ రోజుల్లో సర్వపిండి, సద్దులు అమ్మండి. సకినాలు ఇంట్లో చేసినవే ఉండాలి. చుట్టడం వచ్చిన అమ్మలు, అత్తలు మీ స్టాఫ్ ఇళ్లల్లో ఎంతమంది లేరు? బియ్యప్పిండి, నువ్వులు, వాము, నూనె ఖర్చు వాళ్లకు ముందే ఇచ్చెయ్యి, చేసేవాళ్ల చేతి సొమ్ము పోగొట్టొద్దు. ధర మిఠాయి దుకాణం కన్నా కొంచెం ఎక్కువే పెట్టు, ఎవరూ బేరమాడరు. జూన్‌లో మాత్రం ఏమీ పెట్టకు. బడి ఫీజులు కట్టి అందరి జేబులూ ఖాళీగా ఉంటాయి.

ఈ అమ్మకాల డబ్బును కంపెనీ ఖాతాలో విడిగా ఉంచమను. 2023 జూలైలో మోరంచవాగు పొంగి మోరంచపల్లి మునిగింది గుర్తుందా? అలాంటి రోజున గ్రూపులో మెసేజ్ పెట్టి చందాల కోసం కూర్చుంటే కుదరదు, చేతిలో పైసలు సిద్ధంగా ఉండాలి.

ఎవరికివ్వాలన్నది మీరంతా ఓటేసి తేల్చుకోండి, ఏడాదికి ఒక్కటే. నన్నడిగితే వరంగల్‌లోని ఎంజీఎం సర్కారు ఆస్పత్రి అంటా. ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ నుంచి రోగుల వెంట వచ్చినవాళ్లకు తిండికి, తిరుగు చార్జీలకు కష్టమవుతుంది. సూపరింటెండెంట్‌ను కలిసి, అక్కడ ఇప్పటికే ఎవరు ఏం చేస్తున్నారో తెలుసుకుని, మిగిలిన లోటు పూడ్చండి. సర్కారు బడి అనుకుంటే హెడ్‌మాస్టర్‌ను అడగండి. పాఠ్యపుస్తకాలు, యూనిఫాంలు ప్రభుత్వమే ఇస్తుంది, అవే మళ్లీ కొనిచ్చి ఫొటో దిగితే ఏం లాభం?

పైసలు ఇవ్వలేనివాళ్లు రక్తం ఇవ్వొచ్చు. వేసవిలో కాలేజీలు మూస్తారు, రక్తానికి కొరత వస్తుంది. తలసేమియా పిల్లలకేమో రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎక్కించాల్సిందే. క్యాంపు ఏప్రిల్, మే నెలల్లో పెట్టు. ఒకసారి ఇచ్చాక మళ్లీ ఇవ్వడానికి మగవాళ్లకు మూడు నెలలు, ఆడవాళ్లకు నాలుగు నెలలు ఎడం ఉండాలి.

ఆ సంతకాల కాగితం రాసినాక హెచ్‌ఆర్‌కు ఇచ్చే ముందు నాకు వాట్సాప్‌లో పంపు. ఆదివారం ఖాళీగానే ఉంటా, చూసి చెబుతా.

మీ పెద్దబాపు
హన్మకొండ