వీధిలోని వేప, కానుగ చిగుళ్లను బొమ్మ గీయడం ఎలా?

మీ వీధిలోని చెట్లు చిగురిస్తుంటే గీయాలనిపిస్తోందనీ, తీరా గీస్తే బొమ్మ పచ్చటి ముద్దగా తేలుతోందనీ రాశారు. నెల్లూరు వేదాయపాళెంలో మా ఇంటి ముందున్న వేపచెట్టుతో మొదటి ఏడాది నాకూ అదే జరిగింది. చెట్టు మొత్తాన్ని ఒక్క కాగితంలో ఇరికించబోవడమే అందుకు కారణమని ఆలస్యంగా గ్రహించాను. స్పష్టంగా కనిపించే ఒక రెమ్మను ఎంచుకొని, మూడు నాలుగు రోజులకొకసారి దాన్నే గీసి, కింద తేదీ వేయండి.

రంగుల పెట్టె తెరవగానే ఆకుపచ్చను అందుకోకండి. వేప చిగురు మొదట ఇటుకరంగుకు దగ్గరగా, ఎర్రగా పుడుతుంది. లేత ఆకులో ఆంథోసయనిన్ అనే ఎర్రని వర్ణకం నిండుగా ఉండి, పత్రహరితం ఇంకా తగినంత చేరకపోవడం వల్ల అలా కనిపిస్తుంది కనుక, ఆకు ముదిరేకొద్దీ ఎరుపు తగ్గి పచ్చదనం పైకి వస్తుంది. రావి, మామిడి చిగుళ్లు కూడా రాగిరంగుతోనే మొదలవుతాయి. మామిడి లేతాకులైతే వాడిపోయినట్టు కిందికి వేలాడుతుంటాయి. వాటిని నిటారుగా గీస్తే మామిడి అనిపించదు. కానుగది మాత్రం తళతళలాడే చిలకపచ్చ. ఇక వేపాకు అంచున రంపపు పళ్లు అందరూ గీస్తారు గాని, ఈనెకు రెండు వైపులా ఆకు మొదలు సమానంగా ఉండదన్న సంగతి చాలామంది వదిలేస్తారు. నా దృష్టిలో వేపకు ప్రాణం అక్కడే ఉంది.

పూలకు భూతద్దం ఉంటే మంచిది. వేపపువ్వులో అయిదు తెల్లని రేకలు వెనక్కి విచ్చుకొని ఉంటే, నడుమ కేసరాలన్నీ కలిసి సన్నని గొట్టంలా నిలబడతాయి. కానుగపూలను కోయనక్కరలేదు, చెట్టు కింద పరచుకొని ఉంటాయి. అది చిక్కుడు కుటుంబానికి చెందిన చెట్టు కాబట్టి, చిక్కుడుపువ్వులో లాగే ఒక రేక వెడల్పుగా లేచి ఉండడం గమనించండి.

రెమ్మను విరిచి ఇంటికి తేవద్దు. నేను ఒకసారి తెచ్చి ఫ్యాను కింద పెడితే, పెన్సిలు చెక్కుకొని వచ్చేలోగా చిగురు తల వాల్చింది. ఎండ ముదరకముందే, ఎనిమిది గంటలలోపు, చెట్టు దగ్గరే గీయడం మేలు.

మరో జాగ్రత్త కూడా చెప్పాలి. నేను మూడు వారాలుగా గీస్తూ వచ్చిన వేపరెమ్మను ఉగాది ముందురోజు పచ్చడిలోకి పూత కోసం విరిచేశారు. విరిచింది మా ఇంటివారేనని పండుగ నాడు తెలిసింది. అప్పటి నుంచి మేడ మీద పిట్టగోడ పక్కన కూర్చొని, కింది నుంచి ఎవరికీ అందని రెమ్మనే గీస్తున్నాను.