పియానో మీద ఎర్రపువ్వు

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

‘లా యుంబా’ అనే టాంగో, అంటే అర్జెంటీనా నాట్యసంగీతం మీద నువ్వు పంపిన వ్యాసం రాత్రి రెండుసార్లు చదివాను. వాక్యం నీ చేతిలో బాగానే నడుస్తోంది. కానీ మూడు పేజీల్లో ‘ప్రణయం’ తొమ్మిదిసార్లు వచ్చింది, అందులో మోగే తిత్తివాద్యం బాండోనియన్ పేరు ఒక్కసారీ రాలేదు. నిద్ర పట్టక తెల్లవారకముందే ఇది రాస్తున్నాను.

అది గాత్రం లేని సంగీతం. నువ్వు రాసిన వెన్నెలా, పళ్ల మధ్య గులాబీ ఆ రికార్డులో నీకెక్కడ వినిపించాయమ్మా? నాకు వినపడేది ‘యుం... బా’. మొదటి దెబ్బ, మూడో దెబ్బ బరువుగా నేలను తాకుతాయి. మధ్యలో పియానో మంద్రంలో గుర్రుమంటుంది. ఆ మోతే దానికి పేరైంది. దాన్ని కూర్చిన పియానో వాద్యకారుడు ఓస్వాల్డో పుగ్లియేసె 1946లో తన బృందంతో రికార్డు చేశాడు.

ముందు నీ చెవికి ఏం వినపడిందో అది రాయి. బాండోనియన్‌కి 71 బటన్లు, 142 స్వరాలు. తిత్తి లాగితే ఒక స్వరం పలికిన బటనే, మూస్తే చాలాసార్లు ఇంకో స్వరం పలుకుతుంది. మా ఊళ్లో పద్యనాటకాలకు హార్మోనియం వాయించే పెద్దాయన పక్కన కూర్చున్నప్పుడు నాకు స్వరంకన్నా ముందు తిత్తి ఊపిరే వినపడేది. నా తొలి వ్యాసంలో అదే రాశాను. ఓ వారపత్రిక సంపాదకుడు ఆ పేరా కొట్టేసి ‘మధురానుభూతి’ అని చేర్చాడు. ముప్పై ఏళ్లయినా ఆ ఎర్రసిరా గీత నన్ను కాలుస్తూనే ఉంది. ఇవాళా అంతే, అందరికీ అనుభూతి కావాలి, వాద్యం పేరు ఎవరికీ అక్కర్లేదు.

నీకు ప్రణయమే కావాలంటే ఇది రాయి. పుగ్లియేసె కమ్యూనిస్టు. సంపాదన అంతా సభ్యులు పంచుకునే సహకార బృందం ఆయనది. ఆయన జైల్లో ఉన్న రోజుల్లో వాళ్లు కచేరీ ఆపలేదు. ఖాళీ పియానో మీద ఒక ఎర్ర కార్నేషన్ పువ్వు పెట్టి వాయించారు. నీ గులాబీ తీసేసి ఆ పువ్వు పెట్టు.

2009లో యునెస్కో టాంగోని వారసత్వ జాబితాలో చేర్చిందని వ్యాసం మొదలుపెట్టావు. దాని బదులు ఆ కేకతో మొదలుపెట్టు. ఆయన కచేరీల్లో అభిమానులు ‘అల్ కొలోన్!’ అని అరిచేవారు, బ్యూనస్ ఏరీస్‌లోని పేరున్న కొలోన్ ఒపేరా హాలుకి పద అని. 1985 డిసెంబరులో, ఎనభై ఏళ్ల వయసులో, ఆయన అక్కడ వాయించాడు.

రికార్డులో మొదటి అర నిమిషం మాత్రమే విని, దాని గురించే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు