కువైట్ పోయే అల్లుడికి, నీ వీసా మీద ఉండే ఆ 20 నంబర్ గురించి

అబ్బీ, బాగుండావా. నువ్వు వాట్సాప్‌లో పంపిన వీసా కాపీ అద్దాలు పెట్టుకోని బాగా చూసినా. ఏజెంట్ నీకు కంపెనీ డ్రైవర్ అని, డెలివరీ పని అని, ఓటీ ఉంటాదని చెప్పినాడంటివి, కానీ ఆ కాగితం మీద రాసి ఉండేది 20 నంబర్. అంటే ఖాదిం వీసా, ఇంటి పనోళ్లకి ఇచ్చేది. కంపెనీ వాళ్లది అయితే 18 ఉంటాది, దాన్నే మనోళ్లు షూన్ వీసా అంటారు. గవర్నమెంటు కొలువుకి 17, పెండ్లాం బిడ్డల్ని పిలిపించుకుంటే 22. ఆ ఒక్క నంబర్ మీదే అక్కడ నీ బతుకంతా నడుస్తాది, నువ్వు ఎంత బాగా బండి నడుపుతావో ఎవరూ చూడరు ముందు, ఆ నంబర్ ఏంది, కింద కఫీల్ (నిన్ను పిలిపించుకునే యజమాని) పేరు ఏంది అనేదే చూస్తారు. ఏజెంట్ మీద నాకేం కోపం లేదు, వాడి యాపారం వాడిది, కానీ వాడు నోటితో చెప్పింది కువైట్‌లో ఏ ఆఫీసులోనూ చెల్లదు.

మన ఊర్లో అందరూ వీసా వచ్చింది వీసా వచ్చింది అని స్వీట్లు పంచుతారు గానీ వీసా అనేది నిన్ను ఎయిర్‌పోర్ట్ దాటించడానికే. దిగినాక నిన్ను అక్కడ ఉండనిచ్చేది ఆకామా. నిన్ను పిలిపించుకున్న కఫీలే దిగినాక మెడికల్‌కి తీసుకపోవాల, వేలిముద్రలు కంటి ముద్రలు వేపించాల, ఆ తర్వాత ఆకామా కొట్టించాల, దాని మీద నీకు బతాకా వస్తాది, సివిల్ ఐడి అంటారే అది. ముందు పాస్‌పోర్ట్‌లో స్టిక్కర్ అంటించేవాళ్లు, 2019 నుంచి అది తీసేసినారు, ఇప్పుడంతా కంప్యూటర్‌లోనే. అందుకని "ఆకామా కొట్టించినా పో" అని బాబా (ఇంటి యజమానిని అక్కడ అట్లనే పిలుస్తారు) నోటిమాటగా అంటే నమ్మి ఊరుకోవద్దు, ఫోన్‌లో సాహెల్ అనే గవర్నమెంటు యాప్ వేసుకో, కువైట్ మొబైల్ ఐడి వేసుకో, ఇప్పుడు ఇంగ్లీషులో కూడా వస్తాది, ఆకామా ఎప్పటిదాకా ఉందో తేదీ నీ కంటితో నువ్వే చూడు. నెలకొకసారి చూడు. పాస్‌పోర్ట్ గడువు దగ్గర పడితే ఆకామా రెన్యూవల్ కూడా ఇరుక్కుంటాది, కాబట్టి పాస్‌పోర్ట్ ఎప్పుడు అయిపోతాదో అది కూడా రాసి పెట్టుకో.

ఇంక అసలు సంగతికి వస్తా. నీకు అక్కడ దిగిన నెల లోపలే ఎవడో ఒకడు, మనోడే, మన రాజంపేటోడో రాయచోటోడో, టీ తాగుతా చెప్తాడు, ఇంట్లో ఏముందిరా, బయట చేసుకుంటే డబల్ వస్తాది, కఫీల్‌కి ఏడాదికి ఇంత ఇచ్చేస్తే వాడు అడగడు అని. దీన్నే ఆజాద్ వీసా, ఫ్రీ వీసా అంటారు. కువైట్ చట్టంలో అట్లాంటి వీసానే లేదబ్బీ. ఉండేదల్లా ఒకడి పేరు మీద ఆకామా తీసుకోని ఇంకొకడి దగ్గర పని చెయ్యడం, అది నేరం. ముందు కూడా నేరమే, కానీ 2025 జనవరి 5 నుంచి కొత్త చట్టం వచ్చింది, 2024లో తెచ్చిన 114 నంబర్ చట్టం, దాంట్లో ఆకామాలు అమ్ముకునేవాడికి మూడేండ్ల నుంచి ఐదేండ్ల దాకా జైలు, 5 వేల దినార్ల నుంచి 10 వేల దినార్ల దాకా జరిమానా పెట్టినారు. ఆకామా ఇవ్వడానికి, రెన్యూవల్ చెయ్యడానికి పనోడి దగ్గర దుడ్లు తీసుకోకూడదు అని కూడా దాంట్లోనే ఉంది. వినడానికి బాగుంది గదా, కఫీల్‌నే పట్టుకుంటారులే అనిపిస్తాది. నిజంగా జరిగేది వేరే. రోడ్డు మీద తఫ్తీష్, అంటే తనిఖీ, చేసేటప్పుడు పోలీసు నీ బతాకా స్కాన్ చేస్తాడు, దాంట్లో ఫలానా ఇంటి ఖాదిం అని వస్తాది, నువ్వేమో డెలివరీ సంచి తగిలించుకోని నిలబడి ఉంటావు. కఫీల్ మీద కేసు నడిచినప్పుడు నడుస్తాది, నువ్వు మాత్రం ఆ రాత్రికే లోపల ఉంటావు. తఫ్తీష్‌లు ఎక్కువగా జరిగేది కూడా మనోళ్లు ఉండే చోట్లే, జలీబ్, ఖైతాన్, ఫర్వానియా, మహబూలా.

20 నుంచి 18కి మార్చుకోవచ్చు గదా మామా అని నువ్వు అడుగుతావని తెలుసు. ఒకసారి తలుపు తెరిచినారు, 2024 జూలై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా, రెండు నెలలే. అప్పుడు కూడా ఎవడు పడితే వాడు మారడానికి లేదు, కఫీల్ దగ్గర ఏడాది చేసి ఉండాల, కఫీల్ ఒప్పుకోని సంతకం పెట్టాల, 50 దినార్లు ఫీజు కట్టాల. వేలమంది మారినారు, వాళ్ల అదృష్టం. మళ్లీ తెరిస్తే తెరుస్తారు, కానీ ఏజెంట్ "మూడు నెలల్లో షూన్‌కి కొట్టిస్తా" అంటే మాత్రం ఆ మాట మీద ఒక్క రూపాయి ఇవ్వొద్దు. అది వాడి చేతిలో లేదు, కఫీల్ చేతిలో కూడా లేదు, మినిస్ట్రీ వాళ్లు తెరిచినప్పుడు తెరిచినట్టు. నీకు డెలివరీ పనే కావాలనుకుంటే ఇప్పుడే ఇక్కడే ఆగిపో, 18 వీసా వచ్చేదాకా ఆగు, లేదా ఇంటి డ్రైవర్ పనికే మనసు సిద్ధం చేసుకోని పో. రెండు పడవల మీద కాళ్లు పెట్టుకోని పోతే మాత్రం కష్టం.

ఇంటి డ్రైవర్ పని చెడ్డదేం కాదు, నిజం చెప్పాలంటే తిండి, రూము ఖర్చు ఉండదు, కఫీల్ మంచోడు దొరికితే కంపెనీలో చేసేవాడి కన్నా ఎక్కువే మిగుల్తాది. ఇంటి పనోళ్లకి అక్కడ 2015లో 68 నంబర్ చట్టం చేసినారు. జీతం 60 దినార్లకి తగ్గకూడదు (నీ కాంట్రాక్ట్‌లో అంతకన్నా ఎక్కువే ఉండాల, డ్రైవర్‌వి గదా), రోజుకి 12 గంటలకి మించి పని చెప్పకూడదు, వారానికి ఒకరోజు సెలవు, ఏడాదికి 30 రోజులు జీతంతో సెలవు, మానేసి వచ్చేటప్పుడు చేసిన ఏడాదికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాల. పాస్‌పోర్ట్ నువ్వు ఒప్పుకోకుండా వాళ్లు పెట్టుకోకూడదు అని కూడా ఉంది. అట్లని దిగిన రోజే పాస్‌పోర్ట్ ఇయ్యి అని గొడవకి దిగొద్దు, చాలా ఇండ్లల్లో అది బాబా బీరువాలోనే ఉంటాది, నువ్వు చెయ్యాల్సింది అన్ని పేజీలు ఫొటోలు తీసి అక్కకి, అదే మీ అమ్మకి, పంపడం. కాంట్రాక్ట్ కూడా అంతే. జీతం చేతికిచ్చే ఇల్లయితే ప్రతి నెలా బాబాకి "ఈ నెల జీతం ముట్టింది, షుక్రన్" అని ఒక మెసేజ్ పెట్టు, ఇవ్వని నెల మర్యాదగా అడిగిన మెసేజ్ కూడా దాంట్లోనే ఉంటాది, రేపు ఏదన్నా తకరారు వస్తే ఆఫీసులో చూపించడానికి నీ దగ్గర ఉండే సాక్ష్యం అదే.

ఇల్లు బాగలేకపోతే ఏం చెయ్యాల అంటే, పారిపోవద్దు. దీని గురించి కొంచెం ఎక్కువే చెప్తా, ఓపికగా చదువు. ఇంట్లోంచి చెప్పకుండా బయటికి వచ్చేస్తే కఫీల్ ఫోన్ తీసి నీ మీద పరారీ కేసు పెట్టేస్తాడు. ఒక్కసారి అది పడినాక నువ్వు ఎందుకు వచ్చినావు, కొట్టినారా, జీతం ఇవ్వలేదా అనేది తర్వాత సంగతి అయిపోతాది, ముందు నువ్వు దొంగోడివి. బ్యాంకులో పని జరగదు, ఊరికి రావడానికి ఉండదు, జరమొస్తే ఆసుపత్రికి పోవడానికి కూడా భయం. ఇట్లా అయినోళ్లనే అక్కడ ఖల్లివల్లి అంటారు. కాబట్టి బాధ ఉంటే పరారీ కేసు పడకముందే నువ్వు కంప్లైంట్ ఇవ్వాల, ఎవరిది ముందు పడితే వాళ్లకి బలం. ఇంటి పనోళ్ల కోసం కువైట్ గవర్నమెంటు మ్యాన్‌పవర్ అథారిటీలో వేరే డిపార్ట్‌మెంట్ ఉంది, అక్కడ కఫీల్‌ని పిలిపించి మాట్లాడతారు. అక్కడికి పోవడం తెలియకపోతే నేరుగా దయ్యాలో మన ఎంబసీకి పో, టాక్సీ వాడికి ఇండియన్ ఎంబసీ అంటే చాలు. తెలుగు మాట్లాడే వాలంటీర్లు కూడా ఉంటారు. ఇక్కడ అక్క వాళ్లు ఏపీఎన్ఆర్‌టీఎస్ (బయటి దేశాల్లో ఉండే మన ఆంధ్రావాళ్ల కోసం ఉండే సంస్థ) హెల్ప్‌లైన్‌కి ఫోన్ చెయ్యొచ్చు, ఆ నంబర్ అక్క ఫోన్‌లో నువ్వు పోకముందే ఎక్కించిపో.

ఇంకో మాట వినబడతాది నీకు, "ఏం కాదులే, ఆమ్నెస్టీ (గవర్నమెంటు క్షమాభిక్ష) వస్తాది, ఫ్రీగా ఇంటికి పోవచ్చు" అని. వచ్చిన మాట నిజమే, 2018లో ఇచ్చినారు, కరోనాలో 2020 ఏప్రిల్‌లో ఇచ్చినారు, 2024లో మార్చి 17 నుంచి మొదలుపెట్టి జూన్ ఆఖరుదాకా ఇచ్చినారు, ఆ చివరిదాంట్లో అయితే జరిమానా కట్టి అక్కడే ఉండిపోవడానికి కూడా కొందరికి దారి ఇచ్చినారు. కానీ 2020కి, 2024కి మధ్య నాలుగేండ్లు చూడు. ఆ నాలుగేండ్లు ఒక రూములో పదిమంది, ఊర్లో నాయన చచ్చిపోతే వీడియో కాల్‌లో చూసుకున్నోళ్లు మన చుట్టుపక్కలే ఉండారు, నీకు పేర్లు చెప్పక్కర్లేదు. గవర్నమెంటు దయ తలిచి ఇచ్చేదాన్ని ముందే లెక్కలో వేసుకోని పోయేవాడు తెలివిగలోడు కాదు. ఆకామా అయిపోయినాక రోజుకి ఇంత అని జరిమానా పెరుగుతానే ఉంటాది, ఇంటి పనోళ్లకి రోజుకి 2 దినార్లు, 600 దినార్ల దాకా, అంటే ఏడాది తిరక్కముందే ఆ మొత్తం నీ నెత్తిన కూర్చుంటాది.

పట్టుబడితే దేశం నుంచి పంపించేవాళ్లని పెట్టే జైలుకి తీసుకపోతారు, అక్కడినుంచి నేరుగా విమానం. పది వేళ్ల ముద్రలు కంప్యూటర్‌లో ఉంటాయి కాబట్టి మళ్లీ కువైట్ పోవడానికి ఉండదు. పేరు మార్చి, ఇంటిపేరు మార్చి కొత్త పాస్‌పోర్ట్ తీసుకోని మళ్లీ పోయినోళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు, ఇప్పుడు కువైట్ ఎయిర్‌పోర్ట్‌లో వేలు పెట్టగానే పాత పేరుతో సహా బయట పడతాది, అదే విమానంలో వెనక్కి పంపుతారు. అట్లాంటి పాస్‌పోర్ట్ చేపిస్తా అనే వాడు మన బస్టాండ్ దగ్గర ఇప్పటికీ ఉండాడు, వాడితో కలిసి టీ కూడా తాగొద్దు.

ఇప్పుడు ఇక్కడ చెయ్యాల్సింది. నువ్వు పది తప్పినావు కాబట్టి నీది ఈసీఆర్ పాస్‌పోర్ట్, పని మీద కువైట్ పోవాలంటే మన గవర్నమెంటు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ కావాల, అదంతా ఈమైగ్రేట్ అనే పోర్టల్‌లో నడుస్తాది. ఏజెంట్‌కి లైసెన్స్ ఉందో లేదో కూడా అక్కడే చూడొచ్చు, నంబర్ అడుగు, నంబర్ చెప్పకుండా "మనకి పైన పరిచయాలు ఉన్నాయి" అంటే లేచి వచ్చెయ్. లైసెన్స్ ఉన్నోడు నీ దగ్గర తీసుకోవాల్సిన సర్వీస్ చార్జీ 30 వేలు, పైన జీఎస్టీ, అంతే. లక్షా యాభై అడిగినాడంటివి, అది దేనికో కాగితం మీద రాసిమ్మను, రాయడు. క్లియరెన్స్ తప్పించడానికి విజిట్ వీసా మీద పంపి అక్కడ మారుస్తాం అనే వాళ్లు ఉంటారు, అది అసలు వద్దు. క్లియరెన్స్‌తో పోతే ప్రవాసీ భారతీయ బీమా కూడా ఉంటాది, రెండేండ్లకి 275 రూపాయలు, ఏదన్నా జరగరానిది జరిగితే 10 లక్షలు ఇంటికి వస్తాది, మీ అమ్మ ముందర ఈ మాట చదవొద్దు.

బండి సంగతి రెండు ముక్కలు చెప్తా. నీకు వచ్చే లైసెన్స్ డ్రైవర్ ఉద్యోగం మీద ఇచ్చేది, ఆ ఉద్యోగం పోతే లైసెన్స్ కూడా పోతాది. 2025 ఏప్రిల్ నుంచి ట్రాఫిక్ జరిమానాలు బాగా పెంచినారు, ఫోన్ చేతిలో పట్టుకోని నడిపితే 75 దినార్లు, రెడ్ సిగ్నల్ దాటితే 150. అంటే రెండు నెలల జీతం ఒక్క నిమిషంలో. మేడమ్ తొందర పెట్టినా సరే రెడ్ దగ్గర ఆగు, జరిమానా ఎవరు కట్టాలనే గొడవ తర్వాత వస్తాది. 2023 నుంచి జరిమానాలు బాకీ ఉంటే ఎయిర్‌పోర్ట్‌లో కట్టకుండా విమానం ఎక్కనివ్వరు కూడా.

సెలవు గురించి చెప్పి ఆపేస్తా. ఇంటి పనోళ్లు కువైట్ బయట నాలుగు నెలలు దాటి ఉంటే ఆకామా పోతాది, కఫీల్ ముందే పర్మిషన్ తీసుకుంటే తప్ప. మిగతా వాళ్లకి ఆరు నెలలు ఉంటాది, ఆ మాట విని నీకూ ఆరు అనుకోని ఊర్లో కూర్చుండేవు. 18 వాళ్లకి 2025 జూలై నుంచి బయటికి రావాలంటే కంపెనీ ఎగ్జిట్ పర్మిట్ ఇయ్యాల, అది నీకు లేదు, నీకు బాబా సరే అంటే చాలు. పాప పెండ్లి వచ్చే ఏడు చేద్దామంటాంది గదా అక్క, ముహూర్తం పెట్టుకునే ముందు బాబా వాళ్ల పిల్లల స్కూల్ సెలవులు ఎప్పుడో కనుక్కోని చెప్పు, స్కూళ్లు నడిచే టైంలో డ్రైవర్‌ని ఏ ఇంట్లోనూ పంపరు. రానూ పోనూ టికెట్ తీసుకో, ఒక వైపే తీసుకోవద్దు.